మబ్బులోకి వెళ్లకముందే

(రేడియో ప్రసంగ పాఠం)



మా గొల్లపల్లి వైపు విమానం అనగానే గల్ఫ్ ప్రయాణమే గుర్తొస్తుంది. తండ్రినో కొడుకునో సాగనంపి కళ్లు తుడుచుకోని ఇల్లు మా సంఘంలో తక్కువ. అలాంటి ఒక ఇంటి యువకుడు ఇప్పుడు ప్రైవేట్ పైలట్ లైసెన్సు కోసం చదువుతున్నాడు. తండ్రి దుబాయిలో చెమటోడ్చి పంపే డబ్బు అది. సెలవుకు వచ్చినప్పుడు పుస్తకాలు నా ముందు పెట్టి, "అయ్యగారూ, విమానం నడుపుదామని పోతే ఇంత చదువు చదవమంటున్నారు" అని నవ్వాడు.

మన దేశంలో ఆ లైసెన్సుకు 17 ఏళ్లు నిండాలి. పదో తరగతి పాసై ఉండాలి. కనీసం 40 గంటలు విమానం నడపాలి. ఇవి కాక విమానయాన నిబంధనలు, నావిగేషన్, వాతావరణం, విమానం ఇంజిన్ల గురించి పరీక్షలు రాసి నూటికి 70 మార్కులు తెచ్చుకోవాలి.

అతడు చూపించిన ఒక పాఠం నన్ను ఆపేసింది. మన లోపలి చెవిలో ద్రవం నిండిన మూడు సన్నని గొట్టాలు ఉన్నాయి. మనం ఎటు తిరుగుతున్నామో మెదడుకు చెప్పేవి అవే. పిల్లలు ఒప్పులకుప్ప ఆడి ఆగిన తర్వాత కూడా లోకం తిరుగుతున్నట్టే ఉంటుంది కదా! మబ్బులో పైలట్‌కు అదే జరుగుతుంది. విమానం ఒక పక్కకు ఒరిగి తిరుగుతూ ఉన్నా, కాసేపటికి తిన్నగా పోతున్నట్టే అనిపిస్తుంది. సరిచేస్తే అవతలి పక్కకు ఒరిగినట్టు అనిపిస్తుంది. ఆ అనిపించిన దాన్ని నమ్మి మళ్లీ పాత పక్కకే తిప్పితే, విమానం చుట్లు తిరుగుతూ కిందికి దిగిపోతుంది.

1999 జూలై 16 రాత్రి, అమెరికా మాజీ అధ్యక్షుడు కెన్నెడీ కుమారుడు చిన్న విమానం నడుపుతూ సముద్రంలో కూలిపోయాడు. వెంట ఉన్న భార్య, ఆమె అక్క కూడా మరణించారు. అతనికి ప్రైవేట్ పైలట్ లైసెన్సు ఉంది. యంత్రంలో లోపమేమీ కనబడలేదు. చీకటిలో, మసక గాలిలో, సముద్రం మీద దిక్కు తెలియక అదుపు తప్పాడని విచారణలో తేలింది.

సహోదరులారా, మనిషికి సరియైనదిగా తోచే మార్గమే మరణానికి చేర్చవచ్చునని సామెతలు 14వ అధ్యాయం 12వ వచనం మనల్ని హెచ్చరిస్తుంది.

నా సంగతే చెబుతాను. కొన్నేళ్ల క్రితం నా తమ్ముడు గల్ఫ్‌లో గుండె ఆగి చనిపోయాడు. శవపేటిక ఇంటికి రావడానికి 18 రోజులు పట్టింది. ఆ రోజుల్లో ఆదివారం ప్రసంగ పీఠం ఎక్కేవాణ్ణి గానీ, దేవుడు నన్ను విడిచిపెట్టాడనే నా మనసు చెప్పేది. సెమినరీలో నేర్చిన గ్రీకు అప్పుడు అక్కరకు రాలేదు. చిన్నప్పుడు మా అమ్మ కిరసనాయిలు దీపం ముందు కూర్చోబెట్టి కంఠస్థం చేయించిన 23వ కీర్తన వచ్చింది. నమ్మబుద్ధి కాలేదు. అయినా దాన్నే పట్టుకుని నడిచాను. నెలలు గడిచాక తెలిసింది, తప్పు చెప్పింది నా మనసే గానీ వాక్యం కాదని.

ఇంకొక్క మాట. పైలట్ ఒక్క మీటరునే చూస్తూ కూర్చోడు. ఎత్తు, వేగం, దిక్కు, రెక్కల వాలు, అన్నిటినీ పోల్చి చూస్తాడు. మనమూ మనకు నచ్చిన ఒక్క వచనాన్ని పట్టుకోక, వాక్యాన్ని వాక్యంతో పోల్చుకోవాలి. సంఘ పెద్దల మాట కూడా వినాలి.

మబ్బులోకి వెళ్లాక పుస్తకం తెరిచే సమయం ఉండదు. అందుకే ఆ చదువు నేల మీద ఉండగానే చదివిస్తారు. మీ ఇంట్లో ఈ రోజు ఆకాశం తేటగా ఉందా? అయితే ఈ రాత్రే పిల్లల్ని కూర్చోబెట్టి బైబిలు తెరవండి. ఇప్పటికే మబ్బులో ఉన్నవారలారా, మీకు తెలిసిన ఒక్క వాగ్దానాన్నైనా గట్టిగా పట్టుకోండి.

ప్రార్థించుకుందాం. తండ్రీ, మా మనసు మమ్మల్ని మోసగించే వేళ, నీ మాటను నమ్మే కృప మాకు దయచేయుము. దూరదేశాల్లో ఉన్న మా వారిని కాపాడుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.