స్థూలకాయమునకు శస్త్రచికిత్స: పూర్వాపర నియమములు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



పాలమూరు సీమ పేరు చెప్పగానే లోకులకు మొదట జ్ఞప్తికి వచ్చునవి కరవు, వలస. 2016లో వేర్వేరు జిల్లాలుగా ఏర్పడిన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతముల నుండి మట్టిపనికి బయలుదేరిన కూలీలు దేశమున ఎన్నియో ఆనకట్టలకు, కాలువలకు తట్టలు మోసిరి. అట్టి సీమలో నేడు స్థూలకాయమును గూర్చి, దానికి చేయు శస్త్రచికిత్సను గూర్చి ప్రసంగించుట కొందరికి వింతగా తోచవచ్చును. ఆకలి నెరిగిన నేలకు అధికభారపు బాధ ఎక్కడిదని అడుగువారు కలరు.

కాని కాలము మారినది. జొన్నరొట్టె, రాగిసంకటి ఉండిన పళ్లెములో మూడు పూటలును తెల్లబియ్యము చేరినది. నాగలి వెనుక నడచిన కాళ్లు ట్రాక్టరుపై కూర్చున్నవి. గద్వాల గుంతమగ్గము మీద నేతగాడు పూర్వమువలెనే దినమంతయు కూర్చుండును. పని ముగిసిన పిదప నడచిపోవు దారి మాత్రము మోటారుసైకిలు పాలైనది. ఈ సీమవారేయైన సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువరించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో తెలుగువారి తిండితీరులకు కూడ చోటిచ్చిరి. పళ్లెము మారినపుడు దేహమును మారునని తెలియుటకు నేడు చరిత్రగ్రంథము అక్కరలేదు. ప్రతి వీధిలోను మధుమేహము, రక్తపు పోటు, మోకాళ్ల నొప్పి కనబడుచున్నవి.

స్థూలకాయుని చూచి నవ్వుట లోకమునకు పాత అలవాటు. చరకసంహిత సూత్రస్థానమున 21వ అధ్యాయమునకు అష్టౌనిందితీయమని పేరు. లోకము నిందించు ఎనిమిది విధముల దేహములవారిని అందు పేర్కొని, వారిలో అతిస్థూలుని, అతికృశుని గూర్చి విస్తరించి చెప్పినారు. అచ్చట గమనింపదగిన సంగతులు రెండు. అతిభోజనము, వ్యాయామము లేకుండుట, పగటినిద్ర మొదలగు కారణములతోపాటు బీజస్వభావమును, అనగా తల్లిదండ్రుల నుండి వచ్చు గుణమును గూడ కారణముగా చెప్పుట ఒకటి. మితిమీరిన ఆకలిని ఆ వ్యాధి లక్షణములలో చేర్చుట రెండవది. 1999లో జపాను శాస్త్రజ్ఞులు గ్రెలిన్ అను ఆకలి పుట్టించు ద్రవ్యమును కనుగొనిరి. అది ముఖ్యముగా జీర్ణాశయమున పుట్టును. బరువు తగ్గినకొలది దేహము ఆకలిని పెంచును, తన వ్యయమును తగ్గించుకొనును. కావున “తిని పెంచుకొన్నది తినక తగ్గించుకొనరాదా” అను మాట వినుటకు న్యాయముగా తోచినను, బాగుగా లావెక్కినవారి విషయమున సరిపడదు. ప్రయత్నించి ఓడినవారు సోమరులు కారు.

ఇక శస్త్రచికిత్స సంగతి. 1954లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున క్రెమెన్, లిన్నర్ అను వైద్యులు చిన్నప్రేవులో అధికభాగమును దాటవేయు పద్ధతిని వెల్లడించిరి. అందు పోషణలోపములు మెండైనందున అది క్రమముగా విడువబడెను. 1966లో అయోవాలో మేసన్, ఇటో అను వైద్యులు జీర్ణాశయమునే చిన్నది చేసి ప్రేవునకు కలుపు మార్గమును ఆరంభించిరి. నేడు ముఖ్యముగా జరుగునవి రెండు. స్లీవ్ అను పద్ధతిలో జీర్ణాశయమును నిలువుగా కోసి, మూడు వంతులకు మించి తొలగించి, అరటికాయవంటి సన్నని గొట్టమును మిగుల్చుదురు. బైపాస్ అను పద్ధతిలో సుమారు 30 మిల్లీలీటర్లు పట్టు చిన్న సంచిని వేరుచేసి, దానిని ప్రేవులో దిగువకు కలుపుదురు. రెండును సాధారణముగా పొట్టపై చిన్న రంధ్రముల ద్వారా జరుగును. స్లీవులో కోసి తీసిన భాగము మరల రాదు. ఈ మాట ముందే మనసున నాటుకొనవలెను.

ఈ చికిత్స ధనికులకు మాత్రమే అను తలపు పూర్తిగా నిజము కాదు. హైదరాబాదు ఉస్మానియా ప్రభుత్వ వైద్యశాలలో 2023లో సుమారు 240 కిలోల బరువున్న ఒకరికి ఇట్టి చికిత్స జరిగినది. స్వీడను దేశమున 1987లో ఆరంభించిన దీర్ఘ పరిశీలన ఫలితములు 2007లో వెలువడినపుడు, శస్త్రచికిత్స పొందిన వారిలో మరణములు తక్కువగా కనబడెను. అయినను ఇది అందమునకు చేయించుకొనునది కాదు. అరుదుగానైనను ప్రాణాపాయమును కలదు.

ఎవరికి తగునో లెక్క వేసి చూచుకొనవచ్చును. కిలోలలోని బరువును, మీటర్లలోని ఎత్తును రెండు మారులు హెచ్చించగా వచ్చిన సంఖ్యచే భాగింపవలెను. ఎత్తు 1.60 మీటర్లు, బరువు 100 కిలోలు అనుకొందురు గాక. 1.60ని 1.60చే హెచ్చించగా 2.56. నూటిని దానిచే భాగింపగా 39. భారతీయులకు 25 దాటినచో స్థూలకాయమని లెక్క. 2022లో రెండు శస్త్రవైద్య సంఘములు వెలువరించిన సూచనల ప్రకారము 35 దాటినవారికి ఇతర వ్యాధులు లేకున్నను చికిత్స తగును, ఆసియావాసులకు 27.5 నుండియే ఆలోచింపవచ్చును. బీమా లెక్క వేరు. బీమా నియంత్రణ సంస్థ 2019లో నిర్ణయించిన నియమమున 40, లేక మధుమేహము అదుపులో లేకుండుట, గుండెజబ్బు, నిద్రలో శ్వాస ఆగుట వంటి తీవ్రవ్యాధులున్నచో 35 అని హద్దు కలదు. వైద్యుడు ఔనన్నంత మాత్రమున బీమా ఔననదు. రెండు హద్దులను వేరువేరుగా విచారించి, వ్రాతమూలకముగా జవాబు పుచ్చుకొనిన పిదపనే అప్పునకైనను, పొలము అమ్మకమునకైనను తలపెట్టవలెను.

బరువు తగ్గించు క్రొత్త సూదిమందులు కూడ 2025లో భారతదేశపు విపణికి వచ్చినవి. అవి కొందరికి తగును. మానివేసినచో బరువు చాలవరకు తిరిగి వచ్చును. ఏది తగునో వైద్యునితో మాటలాడి తేల్చుకొనవలెను.

ఆయత్తము శస్త్రమునకు వారములు, నెలలు ముందే మొదలగును. థైరాయిడ్, మధుమేహము, గుండె, కాలేయము, నిద్రలోని శ్వాస, మనఃస్థితి పరీక్షింతురు. బీడీ, చుట్ట, సిగరెట్టు కనీసము ఆరు వారముల ముందే మానవలెను. లేనిచో పుండు మానదు, ఊపిరితిత్తులకు ముప్పు. శస్త్రమునకు ముందు రెండు వారములు పిండిపదార్థములు బాగుగా తగ్గించిన ఆహారము నిత్తురు. జీర్ణాశయముపై ఆనియుండు కాలేయము క్రొవ్వుతో ఉబ్బియుండును. ఆ పథ్యముచే అది కుంచించుకొని వైద్యుని చేతికి దారి యిచ్చును. ఆ రెండు వారములలో దొంగచాటుగా తిన్న విందు శస్త్రపు బల్లమీద బయటపడును. మధుమేహపు మందులను తామై తగ్గించుకొనరాదు, వైద్యుడే మార్చును. చిన్న ముద్ద తీసికొని మెత్తగా నమలి, అరగంటసేపు భోజనము చేయు అభ్యాసమును కూడ అప్పుడే ఆరంభించుట మేలు.

శస్త్రము గంట రెండు గంటల పని. తరువాతి జీవితమే అసలు వ్యవహారము. మొదటి రెండు వారములు గుటక గుటకగా నీళ్లు, పప్పుకట్టు, పలుచని మజ్జిగ, చక్కెర లేని పాలు. పిదప రెండు వారములు మెదిపిన పప్పు, పెరుగు, మెదిపిన కోడిగ్రుడ్డు. ఆ పిదప మెత్తని అన్నము, కూరలు. జొన్నరొట్టె, ముదురు మాంసము చిట్టచివర రావలెను. వైద్యశాల వారిచ్చిన పట్టిక దీనికి భేదించినచో దానినే అనుసరింపవలెను. భోజనమునకు అరగంట ముందు, అరగంట తరువాత నీళ్లు త్రాగరాదు. మిగిలిన కాలమున కొంచెము కొంచెముగా దినమునకు లీటరున్నర వరకు త్రాగవలెను.

దినమునకు 60 గ్రాములకు తగ్గకుండ మాంసకృత్తులు చేరవలెను. దానికి ఖాతా వ్రాసి చూపవచ్చును. కోడిగ్రుడ్లు రెండు, 12 గ్రాములు. పాలు పెరుగు కలిసి 400 మిల్లీలీటర్లు, సుమారు 13. ఉడికిన పప్పు రెండు చిన్న గిన్నెలు, సుమారు 14. ఉడికిన కోడిమాంసము 100 గ్రాములు, సుమారు 25. మొత్తము 64. మాంసము తిననివారు పనీరు, సోయా, వైద్యుడు చెప్పిన పొడి చేర్చుకొనవలెను. ఈ ఖాతాలో అన్నమునకు, రొట్టెకు చోటు చివర. ముందు అన్నముతో కడుపు నింపినచో పప్పునకు తావుండదు.

ఇనుము, కాల్షియము, బి12, డి విటమినులు జీవితాంతము వైద్యుడు చెప్పినట్లు పుచ్చుకొనవలెను. ఒంట్లో బాగున్నదని మానివేసిన వారికి రక్తహీనత, తిమ్మిరి, ఎముకల బలహీనత రెండు మూడేండ్లకు బయటపడును. ప్రతి యేట రక్తపరీక్ష తప్పదు. హైదరాబాదు దూరము గాన, వనపర్తిలోను, నాగర్‌కర్నూలులోను 2022లో ప్రభుత్వ వైద్యకళాశాలలు వచ్చినవి గాన, ఏ పరీక్షలు దగ్గరలో చేయించుకొనవచ్చునో ముందే అడిగి తెలిసికొనవలెను. ఒంటినొప్పులకు దుకాణమున దొరికిన నొప్పిబిళ్ల మ్రింగుట పల్లెలలో అలవాటు. ఈ చికిత్స, అందును బైపాస్, పొందినవారికి అది జీర్ణాశయమున పుండు చేయగలదు. ఏ వైద్యుని వద్దకు పోయినను శస్త్రము జరిగిన సంగతి మొదట చెప్పవలెను.

తొలివారములలో తీవ్రమైన కడుపునొప్పి, జ్వరము, గుండె వేగము, ఆయాసము, కాలి పిక్క వాపు కనబడినచో తెల్లవారువరకు ఆగరాదు. మాటిమాటికి వాంతులగుచున్నచో బి1 విటమిను లోపించి నరములు, మెదడు దెబ్బతినవచ్చును. దానిని అజీర్ణమని ఉపేక్షింపరాదు. మూడు నుండి ఆరు నెలల నడుమ జుట్టు రాలును. చాలమందికి మరల వచ్చును. స్త్రీలు ఏడాది మొదలు ఏడాదిన్నర వరకు గర్భము ధరింపకుండుట మంచిది. కల్లు, సారాయి మునుపటికన్న త్వరగా తలకెక్కును. తిండి తగ్గినవాడు త్రాగుడునకు అలవడిన సందర్భములు వైద్యులకు తెలియును.

ఏడాది రెండేండ్లలో మొత్తము బరువులో నాల్గవ వంతుకు కొంచెము మించి తగ్గుట సామాన్యము. నూరు కిలోలవారు డెబ్బది, డెబ్బదియైదునకు వత్తురు. సినిమా తారలు కారు. తరువాత కొంత తిరిగి వచ్చుటయు కలదు. శీతల పానీయములు, మిఠాయిలు ఆ సన్నని గొట్టము గుండ జారిపోవును; ఎంత చిన్న జీర్ణాశయమైనను వాటిని ఆపలేదు. బరువు కొంత తిరిగినచో సిగ్గుపడి వైద్యశాలకు పోవుట మానరాదు, పోవలసిన సమయమదియే.

కడపటిది, అన్నిటికన్న కష్టమైనది, బంధువుల పంక్తి. ఈ సీమలో మర్యాద యనగా వద్దన్నను వడ్డించుట. “ఇంకో రొట్టె ఏస్కో వదినా, మా ఇంట్ల తింటె నామోషా” అని ఆడుబిడ్డ అడిగినపుడు కాదనుట కష్టము. తిన్నచో వాంతి, తిననిచో అలుక. బరువు తగ్గి ఊరికి వచ్చినపుడు “ఇంత సన్నగైతివేమే, ఏమన్న రోగమా” అను పరామర్శ. మునుపు లావుగా ఉన్నావని నవ్వినవారే ఇప్పుడు చిక్కితివని జాలిపడుదురు. శస్త్రము పొందిన మనిషి రెండు విధములను సహింపవలసివచ్చుచున్నది. అందుచే చాలమంది సంగతిని దాచుదురు; దాచినవారు పంక్తిలో తప్పించుకొనలేరు; తప్పించుకొనలేనివారి పథ్యము చెడును. కావున శస్త్రమునకు ఆయత్తపడవలసినది రోగి ఒక్కరే కాదు. వండువారు, వడ్డించువారు, అత్తవారు, పుట్టింటివారు ముందే ఆయత్తపడవలెను. ఒక చిన్న గిన్నెలో పప్పు పెట్టి, చాలన్నపుడు ఊరకుండుటయే వారికి చేయగల గొప్ప మర్యాద.

ఈ రజతోత్సవ సందర్భమున గ్రంథాలయము వారికి ఒక విన్నపము. పత్రికల గదికి ప్రక్కన ఒక తూకపు యంత్రము, గోడపై ఎత్తు కొలుచు గీత, లెక్క వేయు పద్ధతి వ్రాసిన ఒక పలక ఉంచుదురుగాక. ఎవరును చూడని మూలను ఉంచుట ముఖ్యము. పాతికేండ్లుగా చదువరులకు అక్షరము నిచ్చిన చోట, తన దేహమును గూర్చి తాను సిగ్గులేక తెలిసికొను వీలు కూడ దొరకినచో, శస్త్రము అవసరమగునంత దూరము పోకముందే కొందరైనను వైద్యుని వద్దకు చేరుదురు. చేరినవారిని చూచి ఊరు నవ్వకుండుగాక.

స్వస్తి.