పరీక్షకు నిలిచిన వైద్యం: ఎల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం



భీమవరంలో 1895లో పుట్టి, ఈ అమెరికాలో పాతికేళ్లు పరిశోధన చేసి, 1948 ఆగస్టులో ఇక్కడే కన్నుమూసిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారిని తలుచుకోవడానికి ఈరోజు కలిశాం. ఆయన అందించిన మందుల జాబితా మీలో చాలామందికి కంఠోపాఠం. అందుకే జాబితా పక్కన పెట్టి, మన ఇళ్లలో, వాట్సాప్ గ్రూపుల్లో తరచు వినబడే ఒక మాట తీసుకుంటాను: "మన పెద్దవాళ్లు మందూ మాకూ లేకుండా ప్రకృతిని నమ్ముకుని హాయిగా బతికారు, ఈ సూదులూ మాత్రలూ దేనికి?" దీనికి జవాబు ఈ దేశ చరిత్రలోనే, మనవాళ్లు కాపురముంటున్న ఊళ్లలోనే ఉంది.

1900లో అమెరికన్లలో ఎక్కువమంది పల్లెవాసులే. ఒళ్లొంచి పనిచేసేవారు, కాలినడకన తిరిగేవారు. అయినా సగటు ఆయుర్దాయం 47 ఏళ్లే. అంటే అందరూ 47కే పోయారని కాదు, పండు ముసలివాళ్లూ ఉండేవారు. పదిమంది పసిపిల్లల్లో దాదాపు ఒకరు ఏడాది నిండకుండానే పోవడం ఆ సగటును అంతగా కిందికి లాగింది. తాతగారు నూరేళ్లు బతికారని గొప్పగా చెప్పుకునే ఇంట్లో, ఆయన తోబుట్టువులు ఎందరు పసితనంలో పోయారో కూడా అడగాలి. ఆనాడు ఎక్కువ ప్రాణాలు తీసినవి న్యుమోనియా, క్షయ, విరేచనాలు. వాటిని తెచ్చిన క్రిములూ ప్రకృతి బిడ్డలే.

న్యూజెర్సీలో జాన్ లీల్ అనే వైద్యుడుండేవాడు. తండ్రి కూడా వైద్యుడే. అంతర్యుద్ధంలో సైన్యం వెంట వెళ్లి విరేచనాల జబ్బు తగిలించుకుని, ఏళ్ల తరబడి తీసుకుని తీసుకుని పోయాడు. కొడుకు దృష్టి నీటి మీద పడింది. బూన్‌టన్ జలాశయం నుంచి వచ్చే నీళ్లు శుభ్రంగా లేవని జెర్సీ సిటీ నగరం తన నీటి కంపెనీ మీద కోర్టుకెక్కింది. కంపెనీ సలహాదారుగా ఉన్న లీల్ ఎవరి అనుమతీ అడక్కుండా 1908 సెప్టెంబర్ 26న ఆ నీళ్లలో బ్లీచింగ్ పౌడరు కలపడం మొదలుపెట్టాడు. తాగే నీళ్లలో రసాయనమా అని గగ్గోలు పుట్టింది. మళ్లీ కోర్టు. లీల్ బల్లగుద్ది వాదించలేదు, మోతాదు ఎంతో, క్రిములు ఏ మేరకు తగ్గాయో లెక్కలు ముందుంచాడు. తీర్పు అతని పద్ధతికే అనుకూలంగా వచ్చింది. కొన్నేళ్లలో నగరం తర్వాత నగరం వడపోత, క్లోరిన్ అందుకున్నాయి, టైఫాయిడ్ వెనకడుగు వేసింది. మన ఊరి బావుల్లో వానాకాలం చల్లే బ్లీచింగ్ పౌడరుదీ అదే పని.

కడుపు జబ్బే ఎల్లాప్రగడ వారి ఇంటినీ కూల్చింది. తిన్నది ఒంటపట్టనివ్వని స్ప్రూ వ్యాధి సుబ్బారావు గారి ఇద్దరు అన్నదమ్ములను రోజుల తేడాతో తీసుకుపోయింది. ఆయనకూ అదే జబ్బు వస్తే ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారని జీవితచరిత్రలు చెబుతాయి. తర్వాత మద్రాసు ఆయుర్వేద కళాశాలలో ఆయన పాఠాలు చెప్పారు. సంప్రదాయ వైద్యాన్ని చులకన చేసిన మనిషి కాదాయన. కాకపోతే ఒకరు బతికి ఇద్దరు పోయినచోట ఎందుకని అడిగే మనిషి.

1923లో బోస్టన్ చేరి హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యం చదివారు. పొట్ట గడవడానికి రాత్రిళ్లు ఆసుపత్రిలో రోగుల బెడ్‌పాన్లు కడిగారు. ఆయనకు మొదట పేరు తెచ్చింది మందు కాదు, కొలత. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో రంగును బట్టి తేల్చే పద్ధతిని 1925లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ప్రకటించారు.

ఆయన బోస్టన్‌లో ఉండగానే, 1924లో, అధ్యక్షుడు కూలిడ్జ్ కొడుకు శ్వేతసౌధం మైదానంలో మేజోళ్లు లేకుండా టెన్నిస్ ఆడాడు. కాలికి బొబ్బ లేచింది, విషం రక్తానికెక్కింది. జులై 7న చనిపోయాడు. వయసు 16. మంచి గాలి, మంచి తిండి, దేశంలోకెల్లా పెద్ద వైద్యులు, అన్నీ ఉన్నాయి. యాంటీబయాటిక్ ఒక్కటే లేదు.

1940లో సుబ్బారావు గారు న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ మందుల కంపెనీ ప్రయోగశాలలో చేరారు. ఆయన నాయకత్వంలో అక్కడ ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశారు. కాలేయంలో, ఆకుకూరల్లో ఉండే విటమిన్ ఇది. అన్నదమ్ములను బలిగొన్న స్ప్రూకు అదే మందయింది. ఇక్కడితో ఆగితే కథ ప్రకృతి పక్షానే ముగిసేది. కానీ బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు లెడర్లీ పంపిన ఫోలిక్ ఆమ్ల రూపాలను ల్యుకేమియా, అంటే రక్త క్యాన్సర్, ఉన్న పిల్లలకు ఇచ్చి చూస్తే జబ్బు మరింత వేగం పుంజుకుంది. ప్రకృతి ఇచ్చిన విటమినే కీడు చేసింది. దాంతో ఆ విటమిన్‌ను అడ్డుకునేలా సుబ్బారావు గారి బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ వాడారు. 1948లో ప్రకటించిన ఫలితాల్లో 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తగ్గుముఖం పట్టింది. కొంతకాలమే నిలిచినా, అంతకుముందు ఆ మాత్రం కూడా లేదు. ఇవాళ పిల్లల్లో ఎక్కువగా వచ్చే ల్యుకేమియా రకంలో పదిమందికి దాదాపు తొమ్మిదిమంది బతుకుతున్నారు.

మన కోస్తా జిల్లాలను పీడించిన బోదకాలుకు హెట్రజాన్ మందూ ఆ ప్రయోగశాలదే. అయితే ఆ మాత్ర ఒంట్లోని పురుగును చంపుతుంది గానీ ఆ పురుగును మోసుకొచ్చే మురుగుకాలవ దోమను చంపదు. మందుకు పారిశుద్ధ్యం తోడు కావాల్సింది ఇక్కడే.

మందుల కంపెనీలు మాత్రం సత్యహరిశ్చంద్రులా అంటారేమో. కాదు. 1937లో సల్ఫనిలమైడ్ అనే మందును విష ద్రావకంలో కలిపి అమ్మితే ఈ దేశంలో నూరుమందికి పైగా చనిపోయారు. మరుసటి ఏడే చట్టం వచ్చింది, కొత్త మందు ప్రమాదకరం కాదని చూపించాకే అమ్మాలంది. మరి "సహజం" అని చీటీ అంటించిన క్యాప్సూల్సు? 1994 చట్టం ప్రకారం అవి పనిచేస్తాయని ముందుగా ప్రభుత్వానికి రుజువు చేయనక్కర్లేదు. సహజమైనదంతా క్షేమమూ కాదు. 2025లో టెక్సాస్‌లో తట్టు చెలరేగి, టీకా వేయించుకోని ఇద్దరు పిల్లలు చనిపోయారు. తట్టుకు విరుగుడని విటమిన్ ఎ అతిగా పట్టించిన కొందరు పిల్లల్లో కాలేయం దెబ్బతిన్న లక్షణాలు కనిపించాయి.

నడకను, మితమైన తిండిని, కంటినిండా నిద్రను నేను కాదనడం లేదు. మధుమేహం, గుండెజబ్బు మనవాళ్లలో ఇంతగా ఉన్నప్పుడు అవి మరీ కావాలి. కానీ అవి టైఫాయిడ్ నీళ్లను శుభ్రం చేయవు. ఎవరైనా చిట్కా చెప్పినా, చీటీ రాసినా మూడు ప్రశ్నలు అడగండి: ఎంతమందికి ఇచ్చి చూశారు? ఇవ్వనివాళ్లతో పోల్చారా? కీడు జరిగితే లెక్క రాసేదెవరు? పసుపుకైనా, పెన్సిలిన్‌కైనా ఇవే ప్రశ్నలు. సంతృప్తికరమైన జవాబు వచ్చినదాన్ని వాడండి, రానిదాన్ని పిల్లల మీద ప్రయోగించకండి.