వాయిదా పడిన సీటు



మన పల్లెల్లో కోర్టు నుండి తిరిగి వచ్చిన మనిషిని గడప దగ్గరే అడుగుతారు, "ఏమైంది నాయనా?" అని. "వాయిదా వేసినారు" అంటే ఎవరూ ఏడవరు. "కొట్టేసినారు" అంటేనే ఇల్లు చిన్నబోతుంది. ఈ రెండు మాటలకూ ఉన్న తేడా చదువురాని ముసలమ్మకు కూడా తెలుసు. కాని కాలేజీ సీటు దగ్గరికి వచ్చేసరికి ఆ తేడాను మనం మరచిపోతున్నాం. వెయిటింగ్ లిస్టు అని జవాబు వస్తే చాలు, దరఖాస్తు కొట్టేసినట్టే పిల్లలు తల దించుకుంటారు. ఈనాటి నా ప్రసంగం ఆ పిల్లల గురించి, వారి తల్లిదండ్రుల గురించి.

ప్లస్ టూ పరీక్షలు రాయకముందే దరఖాస్తు పెట్టడం ఇప్పుడు మామూలయింది. అమెరికాలోని చాలా కళాశాలలకు, ముందుగా జవాబు కావాలనుకునేవారు నవంబరులోనే దరఖాస్తు చేస్తారు. డిసెంబరులో మూడు రకాల జవాబులు రావచ్చు. చేర్చుకున్నాం అన్నది ఒకటి. చేర్చుకోలేం అన్నది రెండోది. మిగతావారి దరఖాస్తులతో కలిపి మళ్ళీ చూస్తాం అన్నది మూడోది. ఈ మూడోదే వాయిదా. దాని తుది జవాబు వచ్చేసరికి మార్చి నెలాఖరవుతుంది. మనకు మార్చి అంటే పబ్లిక్ పరీక్షల నెల. ఇంకా రాని జవాబు కోసం బెంగపెట్టుకొని, ఎదుట ఉన్న పరీక్షను పాడుచేసుకోవడమే ఇందులోని అసలు ప్రమాదం.

కళాశాలలు వాయిదా ఎందుకు వేస్తాయి? వాటికీ లెక్క తెలియదు కాబట్టి. 100 మందికి సీటు ఇస్తే ఎందరు వచ్చి చేరతారో, ఎందరు మరోచోటికి పోతారో ముందుగా చెప్పలేరు. అందుకని కొందరిని కాచుకోమంటారు. ఇది పిల్లవాడి తెలివికి వేసిన వెల కాదు, సీట్ల లెక్క సరిచూసుకోవడం.

తమిళనాడులో ఇంజనీరింగుకు 2007 నుండి రాష్ట్ర ప్రవేశ పరీక్ష లేదు. గణితానికి 100, భౌతిక, రసాయన శాస్త్రాలకు 50 చొప్పున, మొత్తం 200 మార్కులకు కటాఫ్ కడతారు. ఆ కౌన్సెలింగులో వచ్చిన సీటును ఒప్పుకొని, అంతకంటే మంచిదాని కోసం కాచుకొనే వీలు కూడా పెట్టారు. అంటే, ఒక చోటు చేతిలో ఉంచుకొని మరొకదానికి ఎదురుచూడటం తప్పు కాదు, పద్ధతే.

మా బడిలో చదివిన ఒక అమ్మాయి సంగతి చెబుతాను. తండ్రి గుడియాత్తంలో లుంగీలు నేస్తాడు. వేలూరులో ఒక కళాశాలకు దరఖాస్తు పెడితే, పేరు వెయిటింగ్ లిస్టులో వచ్చింది. అది మే నెల. గంగమ్మ శిరసు పండుగకు ఇంటినిండా చుట్టాలు. వచ్చిన ప్రతివారూ "ఏమ్మా, సీటు దొరికిందా?" అనేవారే. అవ్వ అయితే, "చదివింది చాల్లే, మేనమామ కొడుకు ఉండనే ఉన్నాడు గదా" అనేసింది. ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చి, "సార్, ఒక ఏడాది ఆగుదామంటే ఇంట్లో నన్ను ఆగనిస్తారా?" అని అడిగింది.

చూడండి, మగపిల్లవాడికి వాయిదా అంటే ఒక ఏడు ఆలస్యం. ఆడపిల్లకు వాయిదా అంటే కొన్ని ఇళ్ళలో చదువుకే ముగింపు. నేను ఆ తండ్రితో ఒకే మాట అన్నాను: "అన్నా, కాచుకోవడం వేరు, ఊరకే కూర్చోవడం వేరు. ముందు ఊళ్ళో ప్రభుత్వ కళాశాలలో చేర్చు. ఆ జవాబు వస్తే అప్పుడు చూద్దాం." ఆయన ఒప్పుకున్నాడు. వేలూరు లిస్టు ఆమె పేరు దాకా రానే లేదు. అయినా రసాయన శాస్త్రంలో పట్టా పుచ్చుకొని, ఇప్పుడు బీఈడీ చదువుతున్నది.

కనుక వాయిదా జవాబు వచ్చినప్పుడు చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. ఆ జవాబును రెండుసార్లు చదవండి. లిస్టులో ఉండటానికి సమ్మతి తెలపమన్నారేమో, గడువు ఎప్పుడో చూసుకోండి. కొత్త మార్కులు వస్తే, అడిగిన తీరులో ఒకసారి పంపండి. రోజూ ఫోను చేసి విసిగించవద్దు. మరోచోట తప్పక చేరండి. అసలు సర్టిఫికెట్లను కళాశాలలు సరిచూసి తిరిగి ఇచ్చేయాలని, మానుకున్నవారికి తేదీని బట్టి ఫీజు వాపసు చేయాలని 2018లో యూజీసీ ప్రకటించింది. ఆలస్యమయ్యేకొద్దీ వాపసు వచ్చే మొత్తం తగ్గుతుంది కనుక ఆ తేదీలు రాసిపెట్టుకోండి. ప్రభుత్వ బడిలో 6 నుండి 12 దాకా చదివిన ఆడపిల్లలకు పై చదువులో నెలకు 1000 రూపాయలిచ్చే పుదుమై పెణ్ పథకాన్ని తమిళనాడు 2022 సెప్టెంబరులో మొదలుపెట్టింది. చేరే కళాశాలలో దాని వివరం అడగండి.

మన తెలుగువారిలో యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గట్టెక్కారు. మద్రాసు వైద్య కళాశాలలో ఎంబీబీఎస్‌కు బదులు ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. అమెరికా ప్రయాణం కుదిరేలోగా ఆయన చేతులు ముడుచుకోలేదు, మద్రాసులో ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పారు. తరువాత లెడర్లీ ప్రయోగశాలలలో ఆయన నడిపించిన పరిశోధన నుండే బోదకాలు మందు డైఇథైల్ కార్బమజైన్, క్యాన్సరుకు వాడే మెథోట్రెక్సేట్ వచ్చాయి. కాచుకున్న ప్రతి పిల్లవాడూ సుబ్బారావు అవుతాడని నేననను. నడుమ వచ్చిన ఏళ్ళను ఆయన ఎలా వాడుకున్నారో చూడమంటాను.

చివరిగా తల్లిదండ్రులకు ఒక మనవి. పక్కింటి బిడ్డతో పోల్చవద్దు. చుట్టాలు అడిగితే జవాబు మీరే చెప్పండి, బిడ్డను ముందుకు నెట్టవద్దు. బిడ్డ అన్నం మాని, నిద్ర మాని, మాట మాని కూర్చుంటే "అదే సర్దుకుంటుందిలే" అనుకోవద్దు. పక్కన కూర్చొని మాట్లాడండి. 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416. ఆ నంబరుకు ఫోను చేస్తే తెలుగులోనూ, తమిళంలోనూ మాట్లాడవచ్చు.

వాయిదా పడింది సీటు మాత్రమే. చదువును మాత్రం ఎవరి ఇంట్లోనూ వాయిదా వేయకండి.