మందకు ఎడమైన బాతు



నేను కళాశాలలో పంటల సాగు బోధించువాడను. బాతుల విషయము నా పాఠములలోనిది కాదు. అయినను, కోసిన వరిచేలలో రాలుగింజలను, నత్తలను ఏరి తిను బాతుల మందలను చూడని సేద్యగాడు గోదావరి, కృష్ణా డెల్టాలలో ఉండడు. పెరటిలో నాలుగైదింటిని ముద్దుగా పెంచుకొను ఇండ్లును అనేకము కలవు. మాదియు అట్టి ఇల్లే.

మా అయిదు బాతులలో ఒక మగబాతు కుంటుచుండెను. విశ్రాంతి కలుగునని దానిని చీకటి కొట్టులో ఒంటరిగా ఉంచి తలుపు వేసితిని. తవుడు, నూకలు కలిపి పెట్టితిని. తొట్టి నిండ నీరు పోసితిని. రెండు దినములు అది మేత ముట్టలేదు. తలుపు వద్దనే అటునిటు తిరిగి కుంటికాలిని మరింత నొప్పించుకొనెను. అరుపు వినబడలేదు గనుక కుదుటపడినదని తలచితిని. అది నా తెలివితక్కువ. బిగ్గరగా అరచునది పెట్టబాతు; మగబాతు గొంతు బొంగురు, గోడ దాటి రాదు. అది పిలుచుచునే యుండెను. మూడవనాడు ఒక పెట్టను దానికి తోడు విడిచితిని. కొంతసేపటికే రెండును కలిసి మేతకు వచ్చినవి.

బాతుకు మందయే కావలి. అమెరికాలో జరిగిన ఒక పరిశోధన 1999లో వెలువడినది. వరుసగా నిద్రించు బాతులలో నడిమివి రెండు కన్నులు మూసికొని నిద్రించును. కొసనున్నవి తరచుగా వెలుపలివైపు కన్ను తెరచియే నిద్రించుననియు, అప్పుడు మెదడులో సగము మేల్కొనియే యుండుననియు అందు తేలినది. ఇక ఒంటరిదానికి అన్నివైపులు కొసయే గదా!

కనుక కాలు బెణికినను, గాయమైనను, బాతును దూరముగా ఉంచకుడు. కొట్టములోనే వెదురు తడిక అడ్డుకట్టి, తక్కినవి కనబడునట్లు, వినబడునట్లు ఉంచుడు. తడికకు వీలు లేనిచో నెమ్మదియైన బాతు నొకదానిని తోడుంచుడు.

అంటురోగము సంగతి వేరు. ఆకుపచ్చని నీళ్ల విరేచనములు, కన్నుల నీరు కారుట, వెలుతురు చూడలేకుండుట కనిపించినచో అది బాతుల ప్లేగు కావచ్చును. అప్పుడు జాలిపడి తోడు నిచ్చితిరా, ఆ తోడును పోవును, మందయు పోవును. రోగపు బాతును దూరముగా తొలగించి, దాని తొట్టిని వేరుచేసి, వెంటనే పశువైద్యునికి కబురు చేయుడు. మిగిలినవానికి చివరిగా పూర్తి చేసితిని.

పిల్లల ముచ్చటకై ఒక్క బాతుపిల్లను కొని తెచ్చువారు కలరు. పొదిగిన తొలి దినములలో ఎవరు వెంట నుందురో వారినే అది తల్లిగా ఎంచును. బిడ్డలు బడికి పోయిన తోడనే గేటు వద్ద చేరి కీచుమని ఏడ్చును. రెండింటికి తక్కువ తేకుడు.

కోలుకొన్న బాతును తిరిగి కలుపునప్పుడు పాతవి పొడుచుట కలదు. రెండు మూడు దినములు తడికకు ఈవల నుంచి, పిమ్మట అన్నింటిని ఒక్కసారిగా చెరువులోనికి తోలుడు. నీటిమీద పారిపోవుటకు చోటుండును. ఎత్తి తీసికొనిపోవలసివచ్చినచో కాళ్లు పట్టి వ్రేలాడదీయకుడు. బాతు కాళ్లు మిక్కిలి సుకుమారములు. రెక్కలను దేహమునకు అదిమి, పొట్ట క్రింద చేయి ఉంచి ఎత్తుడు.