ఇల్లు చూసే పనికీ లైసెన్సు
(సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి పెద్దలు వివరంగా మాట్లాడారు. నేను చెప్పబోయేది వేరే సంగతి. అదీ మన గ్రాట్యుటీ, కమ్యుటేషన్ సొమ్ముకు సంబంధించినదే కనుక కాసేపు ఓపిక పట్టవలసిందిగా మనవి.

రిజిస్ట్రేషన్ల శాఖలో 34 ఏళ్ళు గుమాస్తాగా పనిచేశాను. నా చేతి మీదుగా వేల దస్తావేజులు వెళ్ళాయి. వాటిలో సర్వే నంబరు ఉంటుంది, నాలుగు హద్దులు ఉంటాయి. స్లాబు కారుతుందా, ఎర్తింగ్ ఉందా అన్న ముక్క మాత్రం ఉండదు. ఆ ముక్క రాయడమే వృత్తిగా గలవారు అమెరికాలో ఉన్నారని మా చిన్నల్లుడుగారి వల్ల తెలిసింది.

ఆయన న్యూజెర్సీలో కంప్యూటరు ఉద్యోగం చేసేవారు. 48వ ఏట అది పోయింది. ఒకవైపు ఇంటి అప్పు, మరోవైపు కాలేజీకొచ్చిన కూతురు. ఆరు నెలలు వెతికి, చివరికి హోమ్ ఇన్‌స్పెక్టర్ లైసెన్సుకు చదువుతానన్నారు. "ఇంజనీరింగు చదివి ఊళ్ళోవాళ్ళ అటకలెక్కడమా" అని వియ్యంకులవారు బాధపడ్డారు. నన్నడిగితే, "సర్కారు లైసెన్సిచ్చే పనిలో నామోషీ ఏముంది బాబూ" అన్నాను.

ఆ లైసెన్సు తేలిగ్గా రాదు. న్యూజెర్సీలో ఇందుకు 1998లో చట్టం వచ్చింది. 180 గంటల శిక్షణ పొందాలి. అందులో 40 గంటలు లైసెన్సున్న ఇన్‌స్పెక్టరు సమక్షంలో, జీతం లేకుండా, ఇళ్ళు తిరిగి చూడాలి. తర్వాత జాతీయ పరీక్ష: నాలుగు గంటలు, 200 ప్రశ్నలు. పొరపాటు జరిగితే నష్టం భరించేందుకు 5 లక్షల డాలర్లకు తగ్గని బీమా ఉండాలి. రెండేళ్ళకొకసారి రెన్యువల్. అక్కడ అన్ని రాష్ట్రాల్లోనూ ఇలా లేదు. కాలిఫోర్నియాలో ఈ పనికి లైసెన్సే అక్కరలేదు.

పైకప్పు, పునాది, కరెంటు ప్యానెల్, నీటి గొట్టాలు అన్నీ చూసి రిపోర్టు రాసివ్వాలి. గోడలు పగలగొట్టి చూడరు. చూసింది రాయాలి, చూడలేనిది చూడలేదనీ రాయాలి. కొనమని గాని, మానమని గాని చెప్పడం వారి పని కాదు. 1976లో ఏర్పడిన అమెరికన్ సొసైటీ ఆఫ్ హోమ్ ఇన్‌స్పెక్టర్స్ వారి నియమం మరొకటుంది: తాను తనిఖీ చేసిన వాటికి ఏడాదిపాటు తానే డబ్బు తీసుకుని మరమ్మతు చేయరాదు. లోపం చూపడంలో స్వలాభం ఉండకూడదన్నమాట.

మొదటి ఏడాదే అల్లుడుగారికి పరీక్ష ఎదురైంది. ఒక వృద్ధ దంపతులు కొనబోయే ఇంటి బేస్‌మెంటు గోడకు అడ్డంగా పగులుంది. బయటి మట్టి ఒత్తిడికి గోడ లోపలికి ఉబ్బింది. బ్రోకరు కాస్త మెత్తగా రాయమన్నాడు. ఈయన ఉన్నదున్నట్టు రాశారు. ఆ బ్రోకరు మళ్ళీ పిలవలేదు. ఆ నెల మా అమ్మాయి ఫోనులో ఏడ్చింది. ఆ దంపతులు బేరం మానుకుని, మరో ఇంటికి ఈయన్నే పిలిచారు. తర్వాత తమవాళ్ళకూ చెప్పారు. ఇప్పుడు సంసారం ఆ పని మీదే నడుస్తోంది.

మన రాష్ట్రాల్లో ఈ వృత్తికి ప్రత్యేక లైసెన్సు లేదు. కాని 2016 నాటి రెరా చట్టం, 14(3) సెక్షన్ మనకు అండగా ఉంది. స్వాధీనం చేసిన తేదీ నుంచి ఐదేళ్ళలోగా నిర్మాణ లోపం గాని, నాణ్యతా లోపం గాని బిల్డరు దృష్టికి తెస్తే, 30 రోజుల్లో ఖర్చు లేకుండా సరిచేయాలి. కనుక స్వాధీన పత్రం భద్రంగా ఉంచుకోండి. ఫిర్యాదు నోటిమాటగా కాక కాగితం మీద ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.

చివరగా ఒక ప్రతిపాదన. మన సంఘంలో రోడ్లు భవనాల శాఖలోనూ, పంచాయతీరాజ్‌లోనూ పనిచేసి రిటైరైన ఇంజనీర్లున్నారు. సభ్యులెవరైనా ఫ్లాటుకు ఆఖరి వాయిదా కట్టేముందు, వీరిలో ఒకరు వెళ్ళి చూసి, ఒక పేజీ రాసిచ్చే ఏర్పాటు చేయాలి. చూసేవారికి ఆ బిల్డరుతో గాని, మధ్యవర్తితో గాని లావాదేవీ ఉండరాదు. జీవితమంతా కూడబెట్టింది ఒక్క సంతకంతో ఇచ్చేస్తాం. దానికి ముందు ఒక గంట తనిఖీ ఎక్కువేమీ కాదు. కార్యవర్గం దీన్ని పరిశీలించాలని కోరుతున్నాను.