శివారు గదికి వేడి చేరాలంటే
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల రీయింబర్స్‌మెంటు గురించి నాకంటే బాగా తెలిసినవారు ఇదివరకే మాట్లాడారు. నాకిచ్చిన పది నిమిషాల్లో వేరొక విషయం మనవి చేస్తాను. మనలో చాలామంది పిల్లలు చలి దేశాల్లో స్థిరపడ్డారు. మనం వెళ్లి నాలుగైదు నెలలు ఉండి వస్తున్నాం. కొడుకూ కోడలూ ఆఫీసులకు, మనవలు బడికి వెళ్లాక పగలంతా ఆ ఇంట్లో ఉండేది మనమే. ఇల్లు వెచ్చగా ఉందో లేదో ముందుగా తెలిసేది మన కాళ్లకే.

ఇంగ్లాండులో మా అబ్బాయి ఇంటి కింది అంతస్తులో నేల కిందనే వేడినీటి గొట్టాలు పరిచారు. పద్ధతి పాతదే. ప్రాచీన రోమనులు నేల కింద వేడిగాలి నడిపించేవారు. కొరియా వారు పొయ్యి పొగను నేల కిందుగా పోనిచ్చి, ఆ వెచ్చని నేల మీదనే పడుకునేవారు. దాన్ని ఓండోల్ అంటారు. ఇప్పుడు పొగకు బదులు ప్లాస్టిక్ గొట్టాల్లో నీరు పారుతుంది.

ఏర్పాటు ఇదీ. బాయిలరు నీటిని కాస్తుంది. మిక్సింగ్ వాల్వు ఆ నీటిలో చల్లనీరు కలిపి, సాధారణంగా 35 నుంచి 45 డిగ్రీల మధ్యకు తెస్తుంది. పంపు ఆ నీటిని మానిఫోల్డ్ అనే పంపిణీ గొట్టానికి తోస్తుంది. అక్కడి నుంచి ఒక్కొక్క గదికి ఒక్కొక్క గొట్టం బయలుదేరి, నేలంతా చుట్టి, మళ్లీ అక్కడికే చేరుతుంది. 16 మిల్లీమీటర్ల గొట్టమైతే ఒక చుట్టు సుమారు 100 మీటర్లకు మించనివ్వరు. ఏ చుట్టులో నిమిషానికి ఎన్ని లీటర్లు పారుతున్నదీ చూపే చిన్న మీటర్లు మానిఫోల్డ్ మీదనే ఉంటాయి.

మా అబ్బాయి ఇంట్లో కింది అంతస్తు మొత్తానికి ఒకే థర్మోస్టాట్, అదీ హాల్లో. మాకిచ్చిన గది ఇంటి వెనుక చివర. హాలు 24 డిగ్రీలుంటే మా గది 17 దాటేది కాదు. అబ్బాయి నీటి వేడి పెంచాడు. హాల్లో నేల కాలసాగింది, మా గది అలాగే ఉంది, గ్యాసు బిల్లు మాత్రం పెరిగింది.

నేను నీటిపారుదల శాఖలో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. శివారు భూములకు నీరందలేదన్న అర్జీలు ఎన్ని ఫైళ్లలో పెట్టానో లెక్కలేదు. ఎగువ తూములు బార్లా తెరిచి ఉంచి, కాలువలో ఎంత నీరు వదిలినా ఎగువ పొలాలే మునుగుతాయి. లస్కరు వెళ్లి ఎగువ తూము కొంత దించితేనే శివారుకు నీరు నడుస్తుంది. ఇక్కడా అంతే. నీరు దగ్గరి దారినే పోతుంది. హాలు చుట్టు 40 మీటర్లు, మా గది చుట్టు 90. బిగించినవారు అన్ని వాల్వులూ పూర్తిగా తెరిచి వెళ్లిపోయారు. హాలు మీటరు 3 లీటర్లు, మాది 1 లీటరు కంటే తక్కువ చూపుతోంది.

బాగుచేసే తీరు చెబుతాను. ముందు అన్ని మీటర్ల అంకెలూ కాగితం మీద రాసుకోవాలి. పొడవైన చుట్టు పూర్తిగా తెరిచి ఉంచాలి. పొట్టి చుట్టులను వాటి పొడవును బట్టి కొద్దికొద్దిగా తగ్గించాలి. తరువాత ఒక రోజంతా ఆగాలి. కాంక్రీటు నేల వేడెక్కడానికీ చల్లారడానికీ గంటలు పడుతుంది. గంటకొకసారి తిప్పితే ఏ మార్పు దేని వల్ల వచ్చిందో తెలియదు. మేము హాలును 1 లీటరుకు దించితే మాది 2కు పెరిగింది. రెండు రోజులకు మా గది 20 డిగ్రీలకు చేరింది. ఆ తరువాత నీటి వేడి మళ్లీ తగ్గించాం.

వాల్వు తెరిచి ఉన్నా ఒక చుట్టు మీటరు సున్నా చూపితే, ఆ చుట్టులో గాలి చిక్కి ఉండవచ్చు, లేదా వాల్వులోని పిన్ను అంటుకుపోయి ఉండవచ్చు. గదికొక థర్మోస్టాట్ ఉన్న ఇళ్లలో వైర్లు తారుమారైన సందర్భాలుంటాయి. ఒక గదిలో థర్మోస్టాట్ పెంచి, మానిఫోల్డ్ మీద ఏ వాల్వు తెరుచుకుంటుందో అయిదు నిమిషాల తరువాత చూస్తే సంగతి బయటపడుతుంది. అన్ని గదులూ చల్లబడితే పంపునో, మిక్సింగ్ వాల్వునో, బాయిలరునో అనుమానించాలి. ప్రెషరు ముల్లు మాటిమాటికీ పడిపోతుంటే ఎక్కడో లీకు ఉండవచ్చు. మీటర్లు సరిగా ఉండి గది మాత్రం వేడెక్కకపోతే నేల మీద మందపాటి తివాచీ ఉందేమో చూడాలి. బాయిలరు మూత మాత్రం మనం విప్పరాదు. గ్యాసు పని అక్కడ చట్టప్రకారం నమోదైనవారే చేయాలి. అద్దె ఇల్లయితే యజమానికి చెప్పనిదే వాల్వులు కూడా తాకవద్దు.

సోదరులారా, ఇదంతా మన ఆరోగ్యం కోసం చెబుతున్నాను. చలికాలంలో ఇంటి లోపల కనీసం 18 డిగ్రీలుండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించింది. వృద్ధులకు అంతకంటే కొంచెం ఎక్కువే అవసరం కావచ్చు. చలికి రక్తపోటు పెరుగుతుంది. మరోవైపు, మనుషులు మసలేచోట నేల 29 డిగ్రీలు దాటరాదని యూరోపు ప్రమాణం. మధుమేహంతో పాదాలకు స్పర్శ తగ్గినవారికి నేల కాలుతున్న సంగతి తెలియదు. అటువంటివారు అరికాళ్లు రోజూ చూసుకోవాలి. కొన్ని ఇళ్లలో నీటి గొట్టాలకు బదులు విద్యుత్ తీగలుంటాయి. వాటి మీద మనకలవాటైన పరుపు పరిచి పడుకోరాదు. వేడి పైకి పోలేక ఆ చోటే మరీ ఎక్కువగా కాలుతుంది.

మనవాళ్లలో ఇంకొక అలవాటుంది. పిల్లలకు ఖర్చని, కోడలు ఏమనుకుంటుందోనని చలి బయటపెట్టరు. రెండు స్వెట్టర్లు వేసుకుని మూల కూర్చుంటారు. పైన చెప్పిన మరమ్మతులో ఖర్చు పెరగలేదు, తగ్గింది. కాబట్టి మొహమాటపడకండి. గదిలో చిన్న థర్మామీటరు పెట్టుకుని మూడు రోజులు ఉదయం, సాయంత్రం అంకెలు రాసి అబ్బాయి చేతికివ్వండి. చలిగా ఉందంటే ముసలితనమని సరిపెట్టుకోవచ్చు గానీ, 17 డిగ్రీలని రాసి ఇస్తే ఎవరైనా లేచి మానిఫోల్డ్ దగ్గరికి వెళతారు. ఇక్కడున్న పిల్లలకు కూడా ఒక మనవి. అమ్మానాన్నలకిచ్చిన గది శివారులో ఉందేమో ఒకసారి చూసుకోండి.