విస్కీ: పీపాలో గడిచే కాలం

ఈ ప్రసంగంలో మనం విస్కీ గురించి తెలుసుకోబోతున్నాం. ఈ మాట వినగానే కొందరు ముఖం చిట్లిస్తారు, కొందరు నవ్వుతారు. రెండూ సహజమే. అయితే తాగాలా వద్దా అన్నది ఇక్కడ మన ప్రశ్న కాదు. ప్రపంచంలో కొంతమంది ఈ పానీయాన్ని తయారు చేయడానికి జీవితమంతా ధారపోస్తారు. మరికొందరు సీసాలు కొని, మూత కూడా తీయకుండా అద్దాల బీరువాల్లో దాచుకుంటారు. ఇంకొందరు ఒక పీపాను పదిమంది కలిసి కొని, పంచుకుని, దాని వాసన గురించి గంటల తరబడి మాట్లాడుకుంటారు. ఈ మూడు రకాల మనుషులనూ కలిపేది ఏమిటి?

కాలం అని నా సమాధానం. వాళ్లు తయారు చేసేదీ, దాచేదీ, పంచుకునేదీ ఒక ద్రవంలో గడిచిన కాలాన్నే. మరి ఆ కాలం ద్రవంలో ఏం చేస్తుంది? సీసా మీద రాసిన సంవత్సరం నిజమో కాదో ఎలా తెలుస్తుంది? ఈ ప్రశ్నలకు రసాయనశాస్త్రం, భౌతికశాస్త్రం ఏం చెబుతాయో వరుసగా చూద్దాం.

గింజ నుంచి ద్రవం దాకా

మన ఇళ్లలో పసిపిల్లలకు రాగి మాల్ట్ ఎలా చేస్తారో మీకు తెలుసు. రాగులను నానబెట్టి, గుడ్డలో మూటగట్టి, మొలకలు వచ్చాక ఆరబెట్టి పిండి చేస్తాం. గింజ మొలకెత్తేటప్పుడు అందులో ఎంజైములు తయారవుతాయి. అవి పిండిపదార్థాన్ని చక్కెరలుగా విడగొడతాయి. అందుకే రాగి మాల్ట్ కాస్త తియ్యగా ఉంటుంది, పిల్లలకు తేలిగ్గా అరుగుతుంది. స్కాట్లండ్‌లో బార్లీ గింజలతో చేసే మొదటి పని సరిగ్గా ఇదే. మొలక మరీ పెరిగిపోకుండా వేడిగాలితో ఆరబెడతారు. ఐలా దీవి వంటి చోట్ల ఈ దశలో పీట్ పొగ కూడా పెడతారు. చిత్తడి నేలల్లో వేల ఏళ్లుగా సగం కుళ్లి పేరుకున్న మొక్కల పదార్థాన్ని పీట్ అంటారు. ఆ పొగలోని ఫినాల్ జాతి పదార్థాలు గింజకు పట్టుకుని చివరిదాకా నిలుస్తాయి.

తరువాత మాల్ట్‌ను పొడిచేసి వేడినీటిలో కలిపితే తియ్యని ద్రవం వస్తుంది. అందులో ఈస్ట్ వేస్తే చక్కెరలు ఆల్కహాలుగా మారతాయి. దీన్నే కిణ్వనం అంటాం. రెండు మూడు రోజుల్లో సుమారు 8 శాతం ఆల్కహాలు ఉన్న ద్రవం తయారవుతుంది. ఇంతవరకూ ఇది ఒక రకం బీరు మాత్రమే.

ఆ పైన స్వేదనం. ఇథనాల్ 78 డిగ్రీల సెల్సియస్ దగ్గర, నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. ఈ మిశ్రమాన్ని కాచినప్పుడు పైకి లేచే ఆవిరిలో ఆల్కహాలు పాలు ఎక్కువగా ఉంటుంది. ఆ ఆవిరిని చల్లబరిచి పడతారు. స్కాట్లండ్‌లో ఈ పని సాధారణంగా రెండుసార్లు, రాగి లోహంతో చేసిన పెద్ద బట్టీల్లో జరుగుతుంది. రాగిని వాడటానికి కారణం అలంకారం కాదు. ఆవిరిలో చెడువాసన కలిగించే గంధక సమ్మేళనాలను రాగి పట్టి ఉంచుతుంది. రెండోసారి కాచినప్పుడు మొదట వచ్చేదాన్నీ చివర వచ్చేదాన్నీ పక్కన పెట్టి, నడిమి భాగాన్ని మాత్రమే తీసుకుంటారు. దాన్ని ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి అన్నదే తయారీదారు నైపుణ్యం.

ఈ విద్య పాతదే. 1494 నాటి స్కాట్లండ్ రాజ ఖజానా లెక్కల్లో, జాన్ కోర్ అనే క్రైస్తవ సన్యాసికి జీవజలం చేయడానికి మాల్ట్ ఇచ్చినట్లు ఒక పద్దు ఉంది. గేలిక్ భాషలో జీవజలం అనే అర్థమున్న మాట నుంచే విస్కీ అన్న పేరు వచ్చింది.

పీపాలో జరిగే మార్పు

బట్టీ నుంచి వచ్చిన ద్రవం నీళ్లలా తేటగా, ఘాటుగా ఉంటుంది. చట్టం ప్రకారం అది ఇంకా విస్కీ కాదు. స్కాచ్ విస్కీ అనిపించుకోవాలంటే 700 లీటర్లకు మించని ఓక్ చెక్క పీపాలో, స్కాట్లండ్‌లోనే, కనీసం 3 సంవత్సరాలు ఉండాలి. సీసాలోకి ఎక్కేటప్పుడు కనీసం 40 శాతం ఆల్కహాలు ఉండాలి.

ఓక్ చెక్కలో లిగ్నిన్ అనే పదార్థం ఉంటుంది. పీపా లోపలి గోడలను మంటతో కాల్చినప్పుడు అది విడిపోతుంది. అందులోంచి వెనిల్లా వాసన నిచ్చే వెనిలిన్ పుడుతుంది. కొబ్బరి వాసనను తలపించే లాక్టోన్లు, వగరునిచ్చే టానిన్లు, బంగారు రంగు కూడా చెక్క నుంచే వస్తాయి. కాలిన బొగ్గు పొర కొన్ని ఘాటు పదార్థాలను పీల్చుకుంటుంది. చెక్క రంధ్రాల గుండా మెల్లగా లోపలికి చేరే ఆక్సిజన్ వల్ల పండ్ల వాసనలిచ్చే ఎస్టర్లు ఏర్పడతాయి. అమెరికాలో బూర్బన్ విస్కీకి ప్రతిసారీ కొత్త పీపానే వాడాలని చట్టం. అక్కడ ఒకసారి వాడిన పీపాలు సముద్రం దాటి స్కాట్లండ్ చేరుకుని రెండో జీవితం మొదలుపెడతాయి.

గాలి లోపలికి వచ్చే దారిలోనే ఆవిరి బయటికి పోతుంది. స్కాట్లండ్‌లో ఏడాదికి సుమారు 2 శాతం ఇలా ఆవిరైపోతుంది. దీన్ని అక్కడివాళ్లు దేవదూతల వాటా అంటారు. నిజానికి ఆ వాటాలో కొంత ఒక బూజుకు దక్కుతుంది. గిడ్డంగుల చుట్టుపక్కల గోడల మీద, చెట్ల బెరడు మీద మసిలా పేరుకునే నల్లని శిలీంధ్రం ఒకటుంది. దాని పేరు బౌడోయినియా. గాలిలోని ఆల్కహాలు ఆవిరి దానికి ఆహారం.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. బెంగళూరులో 1948లో మొదలైన అమృత్ సంస్థ, మన బార్లీతో చేసిన సింగిల్ మాల్ట్‌ను 2004లో స్కాట్లండ్‌లోని గ్లాస్గో నగరంలోనే విడుదల చేసింది. కొల్లేటి గట్టుకు వెళ్లి చేపలు అమ్మినంత సాహసం అది. బెంగళూరు వేడికి, పొడిగాలికి ఆ సంస్థ పీపాల్లో ఏడాదికి సుమారు 10 నుంచి 12 శాతం ఆవిరైపోతుంది. ఒక చిన్న లెక్క వేయండి. 200 లీటర్ల పీపాను 10 ఏళ్లు ఉంచితే, ఏటా 2 శాతం చొప్పున పోయినా స్కాట్లండ్‌లో సుమారు 163 లీటర్లు మిగులుతుంది. ఏటా 11 శాతం పోతే బెంగళూరులో మిగిలేది 62 లీటర్లే. వేడి వల్ల చెక్కకూ ద్రవానికీ మధ్య చర్యలు కూడా వేగంగా సాగుతాయి. అందుకే మన దగ్గర కొన్నేళ్లలోనే పక్వానికి వస్తుంది. వయసును అంకెలతోనే కొలిస్తే పొరపాటు. ఎన్నేళ్లు గడిచిందన్నదానితోపాటు, ఏ గాలిలో గడిచిందన్నది కూడా ముఖ్యమే.

సీసాలో ఆగిపోయే కాలం

మన ఆవకాయ జాడీలో ఉన్నంతకాలం ఊరుతూనే ఉంటుంది. విస్కీ అలా కాదు. పీపా నుంచి సీసాలోకి దిగి మూత పడగానే దాని పక్వత దాదాపు ఆగిపోతుంది. 12 ఏళ్ల విస్కీని కొని 30 ఏళ్లు అలమారలో ఉంచినా అది 12 ఏళ్ల విస్కీయే. ఇంకొక మాట. సీసా మీద రాసే వయసు, అందులో కలిపిన విస్కీలన్నిటిలో అతి చిన్నదాని వయసు.

సేకరించేవారికి ఈ ఆగిపోవడమే ఆకర్షణ. ఒక మూతపడిన సీసా అంటే మూతపడిన ఒక సంవత్సరం. బ్రెజిల్‌కు చెందిన క్లైవ్ విడిజ్ 35 ఏళ్లపాటు సేకరించిన 3,384 సీసాలను 2009 నుంచి ఎడిన్‌బరోలో ప్రదర్శిస్తున్నారు. 1926లో స్వేదనం చేసి 60 ఏళ్లు పీపాలో ఉంచిన మకాలన్ విస్కీ సీసా ఒకటి 2023 నవంబరులో లండన్ వేలంలో 20 లక్షల పౌండ్లకు పైగా ధర పలికింది.

డబ్బున్న చోటికి మోసం రాకుండా ఉంటుందా? 2017లో స్విట్జర్లాండ్‌లోని ఒక హోటల్లో, 1878 నాటిదని చెప్పిన విస్కీ ఒక్క గుక్కకు ఒక అతిథి దాదాపు 10,000 స్విస్ ఫ్రాంకులు చెల్లించాడు. పరీక్షిస్తే అది 1970 తరువాతదని తేలింది. హోటల్‌వారు అతని డబ్బు తిరిగి ఇచ్చేశారు.

ఆ పరీక్ష ఎలా చేస్తారు? గాలిలోని కార్బన్‌లో అతి కొద్ది పాలు కార్బన్-14 అనే రేడియోధార్మిక రూపంలో ఉంటుంది. బార్లీ మొక్క పెరిగేటప్పుడు ఆ ఏటి గాలిలోని కార్బన్‌నే తీసుకుంటుంది. అదే ఆల్కహాలులోకి చేరుతుంది. కార్బన్-14 అర్ధాయువు సుమారు 5,730 ఏళ్లు. అంటే వందేళ్లలో తగ్గేది సుమారు 1.2 శాతమే. ఇంత చిన్న తేడాతో 1878ని 1900 నుంచి వేరుచేయడం కష్టం. అయితే 1950ల నుంచి 1963 దాకా గాలిలో జరిపిన అణుబాంబు పరీక్షలు ఉత్తరార్ధగోళపు గాలిలో కార్బన్-14ను దాదాపు రెట్టింపు చేశాయి. 1963 ఒప్పందం తరువాత అది క్రమంగా తగ్గుతూ వచ్చింది. కాబట్టి బాంబుల గుర్తు ఉన్న ద్రవం 19వ శతాబ్దపు సీసాలో ఉంటే అది నకిలీ అని తేల్చేయవచ్చు. స్కాట్లండ్ విశ్వవిద్యాలయాల పరిశోధన కేంద్రంలో 55 అరుదైన సీసాలను ఇలా పరీక్షించారు. వాటిలో 21 నకిలీవో, చెప్పిన సంవత్సరానివి కానివో అని 2018లో వెల్లడించారు.

అయితే ఈ గడియారం కూడా మసకబారుతోంది. బొగ్గు, పెట్రోలు కాల్చినప్పుడు వచ్చే కార్బన్ డయాక్సైడ్‌లో కార్బన్-14 ఉండదు. దానివల్ల గాలిలోని పాలు పలచబడి, ఇటీవలి సంవత్సరాల్లో బాంబులకు ముందున్న స్థాయికి వచ్చేసింది. ఇప్పుడు చేసిన విస్కీని పాత సీసాలో పోస్తే, ఈ ఒక్క పరీక్షతో పట్టుకోవడం ముందుముందు కష్టమవుతుంది.

మంచు కింది పెట్టెలు

తయారీ, సేకరణ, పంచుకోవడం, ఈ మూడూ ఒకే చోట కలిసిన కథ ఒకటి ఉంది. 1907లో అంటార్కిటికా యాత్రకు బయలుదేరిన ఎర్నెస్ట్ షాకిల్టన్ తనతో 25 పెట్టెల మెకిన్లే విస్కీ తీసుకెళ్లాడు. కేప్ రాయిడ్స్‌లో అతని గుడిసె కింద మంచులో మిగిలిపోయిన పెట్టెలను 2010లో తవ్వి తీశారు. ఒక పెట్టెను న్యూజిలాండ్‌లోని మ్యూజియంలో వారాల తరబడి నెమ్మదిగా కరిగించారు. ఆల్కహాలు వల్ల ద్రవం గడ్డకట్టి సీసాలు పగలలేదు.

అందులో 3 సీసాలు 2011లో స్కాట్లండ్ వెళ్లాయి. కార్కు తీయకుండా సన్నని సూదితో నమూనా తీశారు. ఆల్కహాలు 47.3 శాతం అని, మాల్ట్‌ను ఆరబెట్టిన పీట్ ఆర్క్‌నీ దీవులదని రసాయన విశ్లేషణలో తేలింది. ఆ ఫలితాలను శాస్త్ర పత్రికలో ప్రచురించారు. ఆ లెక్కల ఆధారంగా రిచర్డ్ పాటర్సన్ ఇప్పటి విస్కీలను కలిపి దానికి నకలు తయారు చేశాడు. అసలు సీసాలు తిరిగి అంటార్కిటికాకే చేరాయి. ఒకరు కొని బీరువాలో పెట్టుకుని ఉంటే, వందేళ్ల నాటి తయారీ గురించి మనకు ఒక్క ముక్క కూడా తెలిసేది కాదు.

పంచుకోవడంలోని మేలు

జపాన్ యువకుడు మసతక టకెత్సురు 1918లో స్కాట్లండ్ బయలుదేరాడు. గ్లాస్గోలో రసాయనశాస్త్రం చదివి, బట్టీల్లో పనిచేసి, చూసినదంతా నోటుపుస్తకాల్లో రాసుకున్నాడు. 1923లో మొదలైన యమజాకి బట్టీలో ఆ పుస్తకాల జ్ఞానం ఉంది. 1934లో తన సొంత బట్టీని యోయిచిలో పెట్టాడు. జ్ఞానం పంచితే దేశాలు దాటుతుంది. ఎడిన్‌బరోలో పిప్ హిల్స్ అనే వ్యక్తి 1970లలో మిత్రులతో చందాలు వేసుకుని ఒక పీపా కొన్నాడు. ఆ అలవాటే 1983లో ఒక పెద్ద సంఘంగా మారింది.

అలాంటి కూటముల్లో గ్లాసులో కొంచెం నీళ్లు పోయడం ఆచారం. దాని వెనకా శాస్త్రం ఉంది. పొగ వాసనకు మూలమైన గ్వయకాల్ అణువులు 45 శాతం వరకు ఆల్కహాలు ఉన్న మిశ్రమంలో ద్రవం పైభాగానికి చేరతాయనీ, 59 శాతం దాటితే ఆల్కహాలు అణువుల మధ్య లోపలే ఉండిపోతాయనీ 2017లో స్వీడన్ శాస్త్రవేత్తలు కార్ల్‌సన్, ఫ్రీడ్‌మన్ కంప్యూటర్ అనుకరణతో చూపించారు. పైకి చేరినదే కదా ముక్కుకు అందేది.

మన మాట

ఇంత చెప్పాక ఒక నిజం దాచకూడదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మద్యపానీయాలను 1988లోనే మానవులలో క్యాన్సర్ కలిగించేవాటి మొదటి జాబితాలో చేర్చింది. విస్కీ ఎంత పాతదైనా, ఎంత ఖరీదైనదైనా అందులోని ఇథనాల్ అదే ఇథనాల్. మన దేశంలో చవకగా అమ్మే విస్కీల్లో చాలావాటికి మూలం ధాన్యం కాదు, చక్కెర ఫ్యాక్టరీల్లో మిగిలే మొలాసిస్. అందుకే యూరప్‌లో వాటిని విస్కీ పేరుతో అమ్మనివ్వరు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు మొదలుపెట్టిన ఉద్యమం వల్ల ఆంధ్రప్రదేశ్‌లో 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధాన్ని సడలించారు. సారా బట్టీలో జరిగేది కూడా స్వేదనమే, సూత్రం ఒకటే. తేడా ఏమిటంటే అక్కడ కాలమూ లేదు, లెక్కా లేదు. కల్తీసారా మరణాల్లో ఎక్కువగా కారణం అందులో కలిపే పారిశ్రామిక మిథనాల్. అది శరీరంలో ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటి నరాన్ని దెబ్బతీస్తుంది, ప్రాణమే తీస్తుంది.

వేలంలో మోసపోయిన ధనవంతుడు డబ్బు పోగొట్టుకుంటాడు. కల్తీసారా తాగిన కూలీ చూపు పోగొట్టుకుంటాడు. ఇద్దరికీ ఎదురైన ప్రశ్న మాత్రం ఒకటే: ఈ సీసాలో నిజంగా ఏముంది? మొదటివాడి సీసాకు కార్బన్-14 పరీక్ష, పరిశోధనశాల, తీరుబడి అన్నీ దొరుకుతున్నాయి. రెండోవాడి సీసాలో మిథనాల్ ఉందో లేదో తేల్చడం ప్రయోగశాలలో అంతకంటే ఎంతో సులువైన పని. ఆ పరీక్ష తాగకముందే జరగాలి, తాగి పడిపోయాక కాదు. విస్కీ మీద మనుషులకున్న మక్కువ ఇంత శాస్త్రాన్ని పుట్టించింది. ఆ శాస్త్రం అందరి సీసాల దగ్గరికీ చేరేలా చూడటం మన బాధ్యత.